సన్నమూతి తుపాకి

నా కొడుకు పోయిన కబురు మాఘమాసంలో ఒక పొద్దున వచ్చింది. నేను వాకిట్లో కూర్చుని చింతపండు కొడుతున్నాను. గింజలు ఒక పక్క, పండు ఒక పక్క వేసుకుంటున్నాను. ఫోన్ మోగింది. చేతులు జిగురుగా ఉంటే కొంగుతో పట్టుకుని ఎత్తాను. దవాఖాన నుంచి కోడలు. "అత్తా" అన్నది. "ఇగ లేడత్తా. ఇప్పుడే పోయిండు" అన్నది. ఫోన్ పక్కన పెట్టి నేను ఇంకో నాలుగు కాయలు కొట్టాను. మనసుకు తెలిసింది కాని చేతులకు తెలియలేదు. అయిదో కాయ దగ్గర సుత్తె నా వేలి మీదే పడింది. అప్పుడు అరిచాను. ఆ అరుపు వేలి కోసమనుకుని పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చారు.

వాడికి కామెర్లు వచ్చాయి. ముదిరిన తర్వాత తెలిసింది. ముప్పై నాలుగేళ్ళవాడు. దినాల నాటికి మా సిరొంచ పక్క ఊళ్ళ నుంచి చాలామంది వచ్చారు. మంచివాడన్నారు, నెమ్మదిగలవాడన్నారు. అవన్నీ నిజమే. అయితే నేను రాస్తున్నది అందుకు కాదు. పోయిన సంవత్సరం నలుగురిలో నా కొడుకును నేను ఒక మాట అన్నాను. అది తప్పు మాట అని వాడు పోయిన తర్వాత తెలిసింది. చాటుగా అన్న మాటైతే చాటుగా ఏడ్చుకునేదాన్ని. పదిమందిలో అన్నాను కనుక పదిమందికీ చెప్పాలి. నేను గోదావరి అవతలి ఒడ్డున పుట్టినదాన్ని, నాలుగో తరగతి వరకు తెలుగు చదివాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి. వాడు మాత్రం ఇది చదవలేకపోయేవాడు. మాది మహారాష్ట్ర, ఇక్కడి బడి మరాఠీ బడి. తెలుగు మాట్లాడటమే వాడికి వచ్చు.

వాడి అలవాట్లు కొన్ని చెప్తాను. చాయ్ చల్లారేదాకా తాగేవాడు కాదు. చల్లారిన తర్వాత కూడా అలవాటుకొద్దీ ఒకసారి ఊదేవాడు. చెప్పులు విడిస్తే వాటి మూతి బయటివైపు ఉండేది, తిరిగి పోయేటప్పుడు తొడుక్కోవడానికి. ఏ పని చెప్పినా "సరే అవ్వా" అని, ఆ పనిని ముందు ఒకసారి ఊరికే చూసేవాడు. వాసం మార్చమంటే కప్పు కింద నిలబడి బీడీ తాగినంతసేపు చూసేవాడు, బీడీ అలవాటు లేకున్నా. "చూసుడు అయిందా, ఇగ చేస్తవా?" అని నేను కసురుకుంటే, "చూసుడే సగం పని అవ్వా" అనేవాడు. వాళ్ళ నాయన అలా కాదు, చేయి ముందు, చూపు తర్వాత. నేనూ వాళ్ళ నాయన లాంటిదాన్నే. అందుకే వీడి నిదానం నాకు ఎప్పుడూ చాతకానితనంలాగే కనిపించింది.

మాకు అడవి అంచున రెండెకరాలుంది. యాసంగిలో మక్కజొన్న వేస్తాం. మక్క పాలు పోసుకునే రోజుల్లో అడవి పందులు దిగుతాయి. ఒక మంద ఒక్క పొద్దులో ఎన్ని సాళ్ళు పడగొడుతుందో చూసినవాళ్ళకే తెలుసు. తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. వాళ్ళ నాయనకు పంట కాపుకని లైసెన్స్ తుపాకి ఉండేది. ఒక గొట్టం తుపాకి, పాతది. ఆయన పోయిన తర్వాత లైసెన్స్ కొడుకు పేరు మీదికి వచ్చింది. పందిని కొట్టాలంటే ఫారెస్టోళ్ళ కాయిదం కూడా కావాలి. వాడు తిరిగి తిరిగి అదీ తెచ్చాడు.

లైసెన్స్ చేతికొచ్చిన కొత్తలో తుపాకి బాగుచేయించుకొస్తానని చాందా పట్నంలో తుపాకుల దుకాణానికి పోయాడు. సాయంత్రం బస్సు దిగి ఇంటికి వచ్చేదాకా నవ్వు ఆపుకున్నట్టున్నాడు. గడప దగ్గరే కూలబడి నవ్వాడు.

"అవ్వా, మనది కోళ్ళ తుపాకట!"

"ఏం కోళ్ళురా?"

"గా దుకాణపు ముసలాయన గొట్టంల ఇత్తడి కడ్డీ పెట్టి కొలిచిండు. మూతి కాడ సన్నగున్నదట. దాన్ని చోక్ అంటరట. పరాయి దేశంల టర్కీ కోళ్ళు అడివిలనే తిరుగుతయట, మన మేకపిల్లంత ఉంటయట. దూరంకెల్లి వాటి తల మీద గురి చూసి కొట్టెటందుకు గిసోంటి సన్నమూతి పెడ్తరట."

"మీ నాయన గిన్నేండ్లు కోళ్ళ తుపాకి పట్టుకోని పందుల ఎంబడి తిరిగిండా?"

"తిరిగిండు. అందుకే ఒక్కటి సుత పడలె."

ఇద్దరం నవ్వుకున్నాం. పోయినాయన గురించి అలా నవ్వుకోగలిగిన రోజు అదే మొదటిది.

తర్వాత వాడు చెప్పిందేమిటంటే, ఆ ముసలాయన మూతిని లోపల గీకి వెడల్పు చేస్తానన్నాడట. సన్నమూతి నుంచి తూటాలోని గుండ్లు దగ్గరదగ్గరగా, ఒక ముద్దలా పోతాయి. వెడల్పు మూతి నుంచి విచ్చుకుని పోతాయి. విచ్చుకుంటే గురి కొంచెం తప్పినా ఏదో ఒక గుండు తగులుతుంది. పందికి అదే మంచిదని, ఈ పక్క రైతులందరూ అదే చేయించుకుంటారని ముసలాయన అన్నాడట.

"మరి చేయించుకోని రాకపోయినవా?" అన్నాను.

"ఒక్కసారి గీకినంక అయిపాయె. తీసిన ఇనుమును మళ్ళ అతికిస్తరా? జర చూసి చెప్త అన్న."

"చూడు చూడు. పందులు గూడ నీ కోసం ఆగి చూస్తయి" అన్నాను నేను.

ఈ కోళ్ళ తుపాకి సంగతి నేనే మా వదినకు చెప్పాను. మా వదినకు చెప్పడం, గ్రామపంచాయతీ మైకులో చెప్పడం రెండూ ఒకటే. మరునాటికి ఊరంతా వాడిని చూసి "ఏమోయ్, కోళ్ళు దొరికినయా?" అని అడగడం మొదలుపెట్టారు. వాడు "ఇయ్యాల ఆదివారం, వాటికి సెలవు" అనేవాడు.

ఒకనాడు వాడు నన్ను పాత చీర అడిగాడు.

"అలుకు గుడ్డలున్నయి, తీస్కపో."

"అలుకు గుడ్డ వద్దవ్వా. నువ్వు ఇప్పపువ్వుకు పోయినప్పుడు కట్టుకుంటవు సూడు, గదే కావాలె."

అది వెలిసిపోయిన ఆకుపచ్చ చీర. తుపాకి ఎట్లా కొడుతుందో చూడాలట. మక్క కోసిన చేను ఖాళీగా ఉంది అప్పుడు. వాడూ, పక్క చేను గోండు పిలగాడూ కలిసి పోయారు. పిలగాడంటున్నాను కాని అతనికీ వీడి వయసే. చిన్నప్పటి నుంచి జోడీ. అతని తుపాకి వెడల్పు మూతిది. గోనె సంచిలో గడ్డి కుక్కి పందిలా నిలబెట్టారు. నాకు దూరం నుంచి నాలుగు చప్పుళ్ళు వినిపించాయి. సాయంత్రం చీర తిరిగొచ్చింది, కొంగు దగ్గర రెండు బొక్కలతో. గోనె సంచిని పెట్టుకుని మళ్ళీ నా చీరను ఎందుకు చింపాడో నాకు అర్థం కాలేదు.

"ఏం తేలిందిరా?"

"మనది గీకిపిచ్చుడు లేదవ్వా. సన్నగనే ఉండనీ."

"ఊరందరిది ఒక తొవ్వ, నీదొక తొవ్వ."

"అవ్వా, ఇగ అడివికి పోయినప్పుడు ఎర్ర చీరె కట్టుకపో" అన్నాడు. ఎర్రది పెళ్ళిళ్ళకు కట్టుకునేది. జిగురు అంటితే పోదు. "ఎవరు చూడాల్నని కట్టుకోవాలెరా నేను? చెట్లా?" అన్నాను. వాడు చెవులదాకా ఎర్రబడి నవ్వాడు. అయినా రెండు మూడు రోజులు వదలకుండా చెప్పాడు. పీడ వదిలిపోతుందని కట్టుకున్నాను.

ఇక పోయిన సంవత్సరం సంగతి. ఇప్పపువ్వు రాలే రోజులు. మా పక్క ఆడవాళ్ళందరూ ఇంకా మసక ఉండగానే లేచి గంపలు పట్టుకుని పోతారు. పువ్వు తెల్లవారుజామున రాలుతుంది. పొద్దెక్కితే వాడిపోతుంది, లేకపోతే పశువులు తింటాయి. ఆ నెలరోజుల పువ్వే చాలా ఇళ్ళకు నూనె, ఉప్పు, పిల్లల బట్టలు. మా చేను గట్టు దాటితే ఇప్ప చెట్లే. అదే నెలలో మక్క కంకి పాలు పోసుకుంటుంది. అదే మసకలో పందులు చేనులోంచి అడవికి తిరుగుముఖం పడతాయి.

ఆ పొద్దున నేను చెట్ల కిందనే ఉన్నాను. చేనులోంచి ఒక్క చప్పుడు వినిపించింది. తర్వాత మక్క కర్రలు ఫెళఫెళా విరిగిన చప్పుడు. గంప పడేసి పరిగెత్తాను. పది పన్నెండు సాళ్ళు నేలకు పరిచినట్టున్నాయి. వాడు గట్టు మీద తూటా తీసిన తుపాకిని మడిచి పట్టుకుని నిలబడ్డాడు. పంది ఎంత దూరంలో ఉండిందో వాడే చూపించాడు. పన్నెండు అంగలు. పన్నెండు అంగల దూరంలో బర్రెంత పంది, అయినా తప్పిపోయింది. గుండ్లన్నీ దాని కడుపు కింది నుంచి పోయి అవతలి మట్టి గట్టులో ఒకేచోట పిడికిలంత గుంట చేశాయి. ఆ గుంటలో నేను చేయి పెట్టి చూశాను.

నాకు కన్నీళ్ళు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపంతోనే బోరింగు దగ్గరికి పోయాను. అప్పటికే అక్కడ మాట చేరిపోయింది. మా వదిన బిందె కింద పెట్టి, "ఏందట వదినా, కోళ్ళ తుపాకికి పంది కనవడలేదా?" అన్నది. ఆడవాళ్ళు నవ్వారు. అంతలో వాడే అటు వచ్చాడు, కాళ్ళు కడుక్కోవడానికి.

అప్పుడు అన్నాను. వాడి ముఖం మీదే, అందరి ముందు. "పన్నెండంగల పందిని కొట్టరాదు నీకు. మూతి వెడల్పు చేయించు చేయించు అంటే ఇన్నవా? గుడ్డోడు కొట్టినా తాకేది. ఇగ చేన్లకు పోకు. ఇంట్ల కూసోని కోళ్ళను కాయి. నీకు గదే చాతనైతది."

నవ్వు ఇంకా పెద్దదైంది. వాడు నవ్వలేదు, కోపం చేసుకోలేదు. కాళ్ళు కడుక్కున్నాడు. నా బిందె నిండింది. వచ్చి ఆ బిందె ఎత్తి నా తల మీద పెట్టాడు, చుట్టబట్ట సరిచేశాడు. "సరే అవ్వా" అన్నాడు.

ఆ సాయంత్రం వాడు నిజంగానే కోళ్ళ గూడు బాగుచేశాడు. విరిగిన తడిక తీసి కొత్తది కట్టాడు. అది నన్ను ఆటపట్టించడమో, లోపల గాయపడటమో నాకు ఈనాటికీ తెలియదు. అడగలేదు. మిగిలిన మక్కను వాడూ కోడలూ డబ్బా కొట్టుకుంటూ కాచారు. తర్వాత వానలొచ్చాయి, నాట్లొచ్చాయి. మాట పాతబడింది, వాడూ మరిచాడనుకున్నాను. కోళ్ళ తుపాకోడన్న పేరు మాత్రం ఊళ్ళో నిలిచిపోయింది.

దవాఖానలో ఉన్నప్పుడు ఒకరోజు నేను వాడి దగ్గర కూర్చున్నాను. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. "అవ్వా, మక్క ఎంతకొచ్చింది?" అన్నాడు. "మోకాలెత్తు" అన్నాను. "పందులు వచ్చినయా?" "ఇంకా రాలె బిడ్డా." "డబ్బా కొట్టుర్రి. వాటికి చప్పుడే మస్తు" అన్నాడు. తప్పో ఒప్పో, బోరింగు దగ్గర అన్న ఆ మాట వెనక్కి తీసుకుందామని అప్పుడు నోటిదాకా వచ్చింది. ఇంటికి వచ్చినంక చెప్దాంలే అనుకున్నాను. దవాఖానలో అలాంటి మాటలు చెప్తే వాడు భయపడతాడేమో, అవ్వ ఇట్లా మాట్లాడుతుందంటే నేను బతకనేమో అనుకుంటాడని భయపడ్డాను. చెప్పకుండానే తిరిగొచ్చాను.

దినాలు అయిన వారానికి పోలీస్ ఠాణా నుంచి మనిషి వచ్చాడు. లైసెన్స్ ఉన్న మనిషి పోయాడు కనుక తుపాకి, కాయిదం తెచ్చి అప్పజెప్పాలన్నాడు. నేనూ, కోడలూ పోయాం. తోడు రమ్మంటే పక్క చేను పిలగాడూ వచ్చాడు. అతను కూడా ఆ కొన్ని రోజుల్లోనే సగమయ్యాడు.

ఠాణాలో రాసే ఆయన మంచివాడే. కూర్చోమని బల్ల చూపించాడు. "వారస్ కోణ్?" అన్నాడు మరాఠీలో, వారసులెవరని. నా కోడలు లేచి నిలబడింది. "మీ. బాయకో" అన్నది, నేనే, భార్యను అని. ఆయన కళ్ళజోడు పైకి జరిపాడు. తుపాకి అప్పజెప్పి వదిలేస్తారా, మీ పేరు మీదికి మార్చమని అడుగుతారా అన్నాడు. కోడలు నా వైపు చూడకుండానే, అడుగుతానన్నది. "చేను నాది. పందులు నావి. కాసుడు గూడ నాదే గదత్తా" అన్నది తర్వాత, నేను ఏమంటానో అని. నేనేమంటాను? వాడు నిదానస్తుడు, ఇది గట్టిది. కాయిదాలు కావడానికి చాలా రోజులు పడుతుందని చెప్పారు. తుపాకి ఠాణాలోనే పెట్టుకుని రసీదు ఇచ్చారు.

బయటికి వచ్చి చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. నేను కోడలితో అన్నాను, "నీ పేరు మీదికొచ్చినంక ముందుగాల చాందాకు పో. ఆ మూతి గీకిపిచ్చు. ఆని లెక్క నిన్ను గూడ ఊరు నవ్వద్దు."

చాయ్ గ్లాసు పట్టుకున్న ఆ పిలగాడు నా వైపు తిరిగాడు.

"ఏంది పెద్దమ్మా గట్లంటవు? గీకిపియ్యకుర్రి."

"ఎందుకురా? పన్నెండంగల పందిని తప్పిన తుపాకి అది."

"నీకు చెప్పలేదా ఆడు?"

"ఏం చెప్పాలె?"

అతను గ్లాసు బండి మీద పెట్టేశాడు. "ఒట్టేయిచ్చుకున్నడు పెద్దమ్మా, చెప్పద్దని. ఇగ ఎవలికని దాచాలె" అన్నాడు. నిలబడే చెప్పాడు.

ఆనాడు చేనులో గోనె సంచిని ముప్పై అయిదు అంగల దూరంలో పెట్టారట. నా ఆకుపచ్చ చీరను దాని వెనకాల, ఇంకో నలభై అంగల అవతల, ఇప్ప చెట్లు మొదలయ్యేచోట రెండు కర్రలకు కట్టారట, మనిషి వంగినంత ఎత్తులో.

"నేను కొట్టి ఉరికిన. గోనె కాడికి. బొక్కలు లెక్కవెట్టుకుంటున్న. ఆడు గోనె దిక్కే చూడలె పెద్దమ్మా. సక్కగ చీరె కాడికి పోయిండు. నా తుపాకి రెండుసార్లు కొడితే నీ చీరెకు రెండు బొక్కలు. ఆని తుపాకి రెండుసార్లు కొడితే ఒక్కటి లేదు. నేనేమో, పంది బతుకుతది గదరా సన్నమూతితోని అంటే, ఆడు ఏమన్నడో తెలుసా? 'తుపాకి ముందట ఏమున్నదో అందరికి కనవడ్తది. ఎనకేమున్నదో కొట్టెటోడే చూసుకోవాలె' అన్నడు. ఆ చీరె చెట్లల్ల కనవడ్తలేదని గూడ పరేషాన్ అయిండు. మా అవ్వ గిదే కట్టుకోని వంగి ఏరుతది అన్నడు."

ఎర్ర చీర ఎందుకో అప్పుడు తెలిసింది నాకు.

"మరి ఆ పొద్దు?" అన్నాను.

"ఆ పొద్దు నేను నా గట్టు మీదనే ఉన్న. పంది ముప్పై అంగల కాడ అడ్డంగ నిలవడ్డది, బొమ్మ లెక్క. ఆడు ఎత్తిండు, గురి చూసిండు, దించిండు. కొట్టురా అని నేను లోపల్లోపల మొత్తుకుంటున్న. అది నడుసుకుంట నడుసుకుంట ఆని కాడికే వచ్చింది. దాని ఎనక మట్టి గట్టు వచ్చినంక, అప్పుడు కొట్టిండు. అంత దగ్గర సన్నమూతి పిడికిలంతనే పోతది పెద్దమ్మా. జర చేయి కదిలినా తప్పుతది. తప్పింది. ముందుగాల ఎందుకు కొట్టలేదురా అంటే, ఎనక ఎవలో ఉన్నరన్నడు. వంగి పువ్వు ఏరుతున్నరు, మసకల కొంగు కదిలింది, రంగు తెల్వలేదన్నడు."

"ఎవరు? పేరు చెప్పిండా?"

"ఎవలో తెల్వదన్నడు. తెలిసినా చెప్పెటోడు కాదు. నలుగురికి తెలిస్తే రేపటిసంది ఒక్కలు గూడ ఆ దిక్కు రారు, నెల దినాల పువ్వు పోతదన్నడు. నువ్వు బోరింగు కాడ తిట్టినవని నాకు తెలిసి, నేను వచ్చి చెప్పిపోత అన్న. ఒద్దన్నడు. 'అవ్వ తిడితే నాకేం పోతది, కూలి పోతదా?' అని నవ్విండు."

కోడలు కొంగు నోట్లో పెట్టుకుంది. నేను అక్కడ ఏడవలేదు. ఆ పిలగాడి చాయ్ చల్లారిపోయింది. అది తీసి అతని చేతికిచ్చి, "తాగు బిడ్డా" అన్నాను.

బస్సులో ఇంటికి వస్తూ కోడలు ఒక్కటే మాట అన్నది. "గీకిపియ్యనత్తా." నేను తల ఊపాను. సన్నమూతి సన్నమూతిగానే ఉంటుంది.

అయితే నా సంగతి అక్కడితో తీరలేదు. వాడు దాచిన దాన్ని బయటపెట్టాలా వద్దా అని నేను చాలా రోజులు తన్నుకులాడాను. ఆడవాళ్ళు భయపడి రాకుండా పోతారనే కదా వాడు అన్ని నవ్వులూ భరించాడు. చెప్తే వాడి మాట తప్పినట్టు. చెప్పకపోతే వాడు ఊళ్ళో కోళ్ళ తుపాకోడుగానే మిగిలిపోతాడు. చివరికి ఆ పక్క చేను పిలగాడిని పిలిచి, ఆడవాళ్ళు భయపడకుండా ఎట్లా చెప్పాలని అడిగాను. పువ్వు రాలే నెలంతా చేన్ల మీద తుపాకి తీయొద్దని, డబ్బాలతోనే కాయాలని అతను మిగిలిన రైతులతో మాట్లాడి వచ్చాడు. మా తుపాకి ఎలాగూ ఠాణాలోనే ఉంది. ఇక భయపడటానికి ఏమీ లేదు. అప్పుడు చెప్పవచ్చనుకున్నాను.

ఈసారి ఇప్పపువ్వు కొంచెం ఆలస్యంగా మొదలైంది. నాలుగో రోజు పొద్దున అందరూ వచ్చారు. మా వదిన, కింది వాడ అక్కచెల్లెళ్ళు, గోండుగూడెం ముసలామె, ఇంకా అయిదారుగురు. నేను గంప కింద పెట్టి, "జర ఇనుర్రి" అన్నాను. పోయిన ఏడాది బోరింగు దగ్గర నా కొడుకును నేనేమన్నానో ముందు చెప్పాను. తర్వాత తుపాకి సంగతి, చీర సంగతి, పంది ముప్పై అంగల దగ్గర నిలబడ్డ సంగతి, వాడు ఎత్తి దించిన సంగతి చెప్పాను. "నేను అన్న మాట తప్పు. ఆడు చాతకానోడు కాదు. మీ అందరి ముందల అన్న, మీ అందరి ముందలనే తీసుకుంటున్న" అన్నాను.

గోండుగూడెం ముసలామె, "ఆ పొద్దు నేను ఈడనే ఉంటిగా" అన్నది, తన కాళ్ళ కింద నేల చూపించి. కింది వాడ చెల్లె, "నేను ఆ గట్టు కాడి చెట్టు కింద ఉన్ననక్కా. చంటిది ఏడుస్తున్నదని తొందరతొందరగ ఏరిన" అన్నది. ఇంకొకామె తాను ఆ రోజు ఎక్కడుందో గుర్తు రావడం లేదన్నది. నేనూ ఆ పొద్దున అక్కడే ఉన్నాను కదా, నేనే కావచ్చు. ఎవరో తేలలేదు. ఎవరమైనా కావచ్చు.

మా వదిన మాట లేకుండా నిలబడటం నేను ఆనాడే చూశాను. తన చెట్టు కింద నుంచి రెండడుగులు ముందుకు వచ్చి, మెల్లగా వంగింది, పువ్వు ఏరేటప్పుడు వంగినట్టే. ఏరలేదు. అలా వంగే ఉండి తల ఎత్తి మా చేను వైపు చూసింది. మక్క సాళ్ళ సందులోంచి, వాడు కూర్చునే గట్టు అక్కడి నుంచి తేటగా కనిపిస్తోంది.

"ఇంత దగ్గరనా?" అన్నది.

ఒకరి తర్వాత ఒకరు అందరూ వంగి చూశారు. ఎవరి చెట్టు కింద వాళ్ళు, ఎవరి చోటు నుంచి వాళ్ళు. ఎవరి చేయీ నేల మీదికి పోలేదు. పువ్వు రాలుతూనే ఉంది. వాళ్ళ వీపుల మీద, తలల మీద, ఖాళీ గంపల్లో ఒక్కొక్కటిగా, మెత్తగా పడుతోంది.